హ్యూస్టన్‌లో ఇల్లు చూస్తున్నారా? ఇల్లు మునగడం వేరు, ప్రాణం పోవడం వేరు

ఉద్యోగం మారి హ్యూస్టన్‌కి వస్తున్న తెలుగువాళ్లు ఇల్లు వెతికేటప్పుడు ముందు స్కూళ్ల గురించి అడుగుతారు. ఆ తర్వాత అడిగేది, "ఆ ఏరియా ఫ్లడ్ జోన్‌లో లేదు కదండీ?" అని. లేదనగానే స్థిమితపడి వేరే మాటల్లోకి వెళ్లిపోతారు. నాకు టెన్షన్ మొదలయ్యేది అక్కడే. ఆ ఒక్క ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. ఇల్లు పాడవుతుందా అన్నది ఒకటి, ఇంట్లో మనిషికి ఏమైనా అవుతుందా అన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు ఒకటే అనుకుని ఇల్లు కొంటే, తుఫాను వచ్చిన రోజు తప్పు నిర్ణయం తీసుకునే ప్రమాదం ఉంది.

హార్వీనే చూడండి. 2017 ఆగస్టు 25 రాత్రి టెక్సాస్ తీరంలోని రాక్‌పోర్ట్ దగ్గర కేటగిరీ 4 హరికేన్‌గా తీరం దాటింది. హ్యూస్టన్ మీదికి వచ్చేసరికి గాలి తగ్గింది కానీ వాన ఆగలేదు. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీ ఒక్కదాంట్లోనే సుమారు 1,54,000 ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. వాటిలో మూడింట రెండు వంతులు ఫ్లడ్ మ్యాప్‌లో ప్రమాదమని గుర్తించిన '100 ఏళ్ల వరద' జోన్‌కి బయటివే. ఇన్ని వేల ఇళ్లు మునిగిన ఆ కౌంటీలో తుఫాను నేరుగా బలి తీసుకున్నది 36 మందిని, టెక్సాస్ మొత్తంలో 68 మందిని. ముగ్గురు తప్ప అందరూ వాన నీటి వరదలోనే పోయారు. ఉప్పెన వల్ల ఒక్కరూ చనిపోలేదు. ఇక్కడే ఆగి ఆలోచించాల్సిన విషయం ఇంకొకటుంది. వాళ్లలో ఎక్కువమంది మునిగిన ఇంట్లో చిక్కుకున్నవాళ్లు కాదు, బయట, రోడ్డు మీద, కారులో ఉన్నవాళ్లు.

అంతకు 12 ఏళ్ల ముందు న్యూ ఆర్లీన్స్‌లో జరిగింది దీనికి పూర్తి భిన్నం. 2005 ఆగస్టు 29న కత్రినా వచ్చినప్పుడు అక్కడి కరకట్టలు, కాలువ గోడలు తెగాయి. గండి పడినచోట నీళ్లు గోడలా వచ్చి ఇళ్లను పునాదుల మీంచి లేపేశాయి. లూయిజియానాలో దాదాపు 1,100 మంది చనిపోయారు. వాళ్లలో సగానికి పైగా 65 దాటినవాళ్లు. ఎంతోమంది సొంత ఇంట్లోనే, కొందరు ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో ప్రాణం వదిలారు.

రెండూ గల్ఫ్ తీరపు హరికేన్లే. ఒకచోట ఇంట్లో ఉండిపోవడం ప్రాణం తీసింది, ఇంకోచోట ఇంట్లోంచి బయటికి వెళ్లడం తీసింది. అందుకే ఏరియాలను పోల్చేటప్పుడు నేను ముందు చూసేది ఇవి: నీళ్లు ఎంత లోతు రావచ్చు, ఎంత వేగంగా పెరుగుతాయి, ఎంత ముందు తెలుస్తుంది, పైకి ఎక్కడానికి చోటుందా, ఇంట్లో పరిగెత్తలేనివాళ్లు ఎవరున్నారు.

ఏ మ్యాప్ దేనికి పనికొస్తుంది

రియల్టర్ చూపించేది అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా గీసిన ఫ్లడ్ మ్యాప్. బ్యాంకుకి, ఇన్సూరెన్స్‌కి కావాల్సింది అదే. అందులో ఏఈ జోన్ అంటే ఏ ఒక్క ఏడాదైనా వరద వచ్చే అవకాశం కనీసం 1 శాతం ఉన్న చోటు. '100 ఏళ్ల వరద' అన్న పేరు విని వందేళ్లకోసారే వస్తుందనుకుంటారు. ఏడాదికి 1 శాతం అంటే 30 ఏళ్ల హోమ్ లోన్ తీరేలోపు ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం, అంటే నాలుగిళ్లలో ఒకటి. పైగా లెక్కలకు ఆధారమైన వాన కొలతలే మారిపోయాయి. హ్యూస్టన్‌లో 100 ఏళ్ల వాన అంటే 24 గంటల్లో సుమారు 13 అంగుళాలని అనుకునేవాళ్లు. 2018లో వాతావరణ సంస్థ నోవా దాన్ని 18 అంగుళాల దాకా పెంచింది. కాబట్టి మీ చేతికొచ్చిన మ్యాప్ ఏ ఏడాది లెక్కలతో గీసిందో తప్పకుండా అడగండి.

ఫెమా మ్యాప్ నీళ్లు వచ్చే అవకాశం చెప్తుంది. ఎంత వేగంగా వస్తాయో, రాత్రి రెండింటికి మీ వీధి చివరి అండర్‌పాస్ ఎలా ఉంటుందో చెప్పదు. ప్రాణం సంగతి తేల్చుకోవాలంటే ఇంకో రెండు చూడాలి.

ఒకటి, జిప్ జోన్ మ్యాప్. ఇది ఉప్పెన కోసం గీసింది. కోస్టల్, ఏ, బీ, సీ అని తీరం నుంచి లోపలికి పిన్‌కోడ్ల వారీగా విడగొట్టారు. మీ పిన్‌కోడ్ ఇందులో ఉంటే, అధికారులు ఖాళీ చేయమన్న రోజు వెళ్లిపోవాలి. లేకపోతే మీ ప్రమాదం వాన నీళ్లతో, అప్పుడు నిర్ణయం వేరు. నా దృష్టిలో ప్రాణం విషయంలో ఫెమా మ్యాప్ కన్నా ఇదే పైన ఉండాలి. అయినా ఇల్లు కొనేటప్పుడు దీన్ని అడిగేవాళ్లు చాలా తక్కువ.

రెండు, హారిస్ కౌంటీ ఫ్లడ్ వార్నింగ్ సిస్టమ్. బాయూల (హ్యూస్టన్ గుండా మెల్లగా పారే ఏర్ల) మీద, వాగుల మీద ఉన్న గేజ్‌ల దగ్గర నీటి మట్టం ఎంతుందో, వాన ఎంత పడుతోందో ఆన్‌లైన్‌లో ఎప్పటికప్పుడు కనిపిస్తుంది. పాత తుఫానుల్లో ఎంత ఎత్తుకి వచ్చిందో కూడా చూడొచ్చు. ఇల్లు చూడ్డానికి వెళ్లేముందు దగ్గర్లోని గేజ్ తెరిచి 2001 అలిసన్, 2016 ఏప్రిల్ వరద, హార్వీ అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. గంటలో ఎన్ని అడుగులు పెరిగిందో చూస్తే మీకు ఎంత టైమ్ దొరుకుతుందో అర్థమవుతుంది.

కాగితాల మాట కూడా ఒకటి. టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ నుంచి ఇల్లు అమ్మేవాళ్లు పాత వరదల గురించి, రిజర్వాయర్ ముంపులో ఉందా లేదా అన్న దాని గురించి రాసివ్వాలి. అపార్ట్‌మెంట్ అద్దెకిచ్చేవాళ్లు కూడా 2022 నుంచి గత ఐదేళ్లలో వరద వచ్చిందో లేదో చెప్పాలి. స్టూడెంట్లు దీన్ని అడగడం మర్చిపోతుంటారు.

ఏ వైపు ఎలా ఉంటుంది

కేటీ వైపు తెలుగు కుటుంబాలు ఎక్కువ. సముద్ర మట్టానికి దాదాపు 140 అడుగుల ఎత్తు, ఉప్పెన భయం లేదు. ఇక్కడి కథంతా ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్లది. 1929, 1935 వరదల తర్వాత డౌన్‌టౌన్‌ను కాపాడటానికి 1940లలో ఆర్మీ ఇంజనీర్లు కట్టిన మట్టి కట్టలివి. మామూలు రోజుల్లో నీళ్లుండవు, అడవి, పార్కుల్లా ఉంటాయి. నిండితే ఎంత దూరం నీళ్లు పరుచుకుంటాయో అంత భూమినీ ప్రభుత్వం కొనలేదు. ఆ మిగిలిన భూమిలోనే తర్వాత సబ్‌డివిజన్లు లేచాయి. ఫోర్ట్ బెండ్ కౌంటీ వైపు కొన్ని ప్లాట్ మ్యాపుల మీద ఈ ముంపు మాట చిన్న అక్షరాల్లో ఉంది కూడా. చదివినవాళ్లెవరు? హార్వీలో కట్టల వెనక నిలిచిన నీళ్లు ఆ ఇళ్లలోకి వచ్చి రోజుల తరబడి నిలిచిపోయాయి.

ఆస్తి పరంగా ఇది చాలా పెద్ద దెబ్బ. ప్రాణం పరంగా మాత్రం నీళ్లు మెల్లగా పెరిగాయి, మేడ మీదికి ఎక్కడానికి, పడవ కోసం కబురు చేయడానికి టైమ్ దొరికింది. కట్టకు దిగువన, బఫెలో బాయూ పక్కన పరిస్థితి వేరు. ఆగస్టు 28 తెల్లవారుజామున గేట్లు తెరిచాక, వాన తగ్గి ఊపిరి పీల్చుకున్న ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అందుకే కేటీలో చూస్తుంటే ఇల్లు రిజర్వాయర్ ముంపులో ఉందా అని, ఆయిల్ కంపెనీల ఆఫీసులున్న ఎనర్జీ కారిడార్ వైపు చూస్తుంటే బఫెలో బాయూకి ఎంత దూరం అని విడిగా అడగాలి.

షుగర్‌ల్యాండ్, మిస్సోరి సిటీ వైపు బ్రజోస్ నది, దానికి కరకట్టలు. కృష్ణా, గోదావరి కరకట్టల పక్కన పెరిగినవాళ్లకి ఈ లెక్క కొత్త కాదు. కట్ట నిలబడ్డంతసేపు బయటివాళ్ల కన్నా క్షేమం. తెగితే మాత్రం టైమ్ ఇవ్వదు, కత్రినాలో చూసింది అదే. హార్వీ అప్పుడు బ్రజోస్ 59 అడుగులకు వస్తుందని అంచనా వేసి ఫోర్ట్ బెండ్ కౌంటీలో కట్టల లోపలి చాలా ప్రాంతాలను ఖాళీ చేయించారు. చివరికి రిచ్‌మండ్ దగ్గర 55 అడుగులు దాటి రికార్డు కొట్టి ఆగింది, కట్టలు నిలిచాయి. మన వాళ్లు కొందరు "అనవసరంగా ఖాళీ చేయించారు" అంటుంటారు. నేను అలా అనుకోను. నది మీద వరద పైనుంచి దిగి రావడానికి రోజులు పడుతుంది, కాబట్టి వెళ్లడానికి పొడి రోడ్డూ టైమూ రెండూ ఉంటాయి. కరకట్ట లోపల ఇల్లు కొంటే వెళ్లమన్న రోజు వెళ్లడం కూడా ఆ కొనుగోలులో భాగమే.

నగరం లోపల బ్రేస్ బాయూ చుట్టూ ఉన్న మెయర్‌ల్యాండ్, మెడికల్ సెంటర్ పరిసరాల్లో నీళ్లు గంటల్లో పెరుగుతాయి. రాత్రి పడుకునేటప్పుడు పొడిగా ఉన్న వీధి తెల్లారేసరికి చెరువవుతుంది. మెడికల్ సెంటర్ చుట్టూ మన డాక్టర్లు, రీసెర్చ్ స్టూడెంట్లు చాలామంది ఉంటారు. 2001 జూన్‌లో అలిసన్ కనీసం హరికేన్ స్థాయికి కూడా చేరలేదు, ఉష్ణమండల తుఫానుగానే ఉంది. అయినా ఆసుపత్రుల బేస్‌మెంట్లు నిండి కరెంటు పోయి రోగుల్ని తరలించాల్సి వచ్చింది. డౌన్‌టౌన్‌లో ఒక ఆఫీసు భవనంలో ఒక మహిళ లిఫ్టులో కిందికి దిగి, అప్పటికే నీళ్లు నిండిన బేస్‌మెంట్‌లో మునిగి చనిపోయింది. ఈ ప్రాంతంలో రెండో అంతస్తో, మూడో అంతస్తో తీసుకుంటే ఇంట్లో ప్రమాదం బాగా తగ్గుతుంది. కారు కోసం అండర్‌గ్రౌండ్ పార్కింగ్‌లోకి దిగకూడదు, అంతే.

క్లియర్ లేక్, సీబ్రుక్, కీమా వైపు నాసా ఉద్యోగాలు, మంచి స్కూళ్లు, నీళ్ల పక్క ఇళ్లు. ఇక్కడి శత్రువు ఉప్పెన. దివిసీమ ఉప్పెన గుర్తున్న పెద్దవాళ్లుంటే ఆ మాటకి వివరణ అక్కర్లేదు. 1977 నవంబర్ 19న వచ్చిన ఆ నీళ్లు వేలమందిని తీసుకుపోయాయి. ఇక్కడికి దగ్గర్లోని గాల్వెస్టన్‌లో 1900 సెప్టెంబర్ 8న జరిగిందీ అదే, తక్కువ లెక్క వేసినా 6,000 మంది పోయారు. 2008 సెప్టెంబర్ 13న ఐక్ తీరం దాటినప్పుడు అది కేటగిరీ 2 మాత్రమే. కానీ తుఫాను వెడల్పు ఎక్కువ, బొలివార్ ద్వీపకల్పం మీద ఉప్పెన 15 నుంచి 20 అడుగులు వచ్చి ఊళ్లను తుడిచిపెట్టింది. "కేటగిరీ 2 యే కదా" అనడం ఎంత ప్రమాదమో దీన్ని చూస్తే తెలుస్తుంది. కేటగిరీ గాలి వేగాన్ని మాత్రమే కొలుస్తుంది, నీటిని కొలవదు. ఈ వైపు ఇల్లు తీసుకుంటే ప్రతిసారీ, పిలుపు రాగానే వెళ్లిపోయే కుటుంబమై ఉండాలి. నడవలేని పెద్దవాళ్లు, ఆక్సిజన్ మీద, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు శాశ్వతంగా మీతోనే ఉంటే, ఎంత నచ్చినా ఈ వైపు వద్దనే చెప్తాను.

ప్రాణం ఒక్కటే కొలమానంగా పెట్టుకుని ఎంచుకోమంటే నా వరుస ఇలా ఉంటుంది. మొదట, రిజర్వాయర్ ముంపుకి, బాయూకి దూరంగా ఉన్న పడమటి శివారు. తర్వాత కరకట్ట లోపలి షుగర్‌ల్యాండ్, కానీ వెళ్లమంటే వెళ్తామన్న షరతు మీద. ఆ తర్వాత నగరంలో పై అంతస్తు అపార్ట్‌మెంట్. బాయూ పక్కన ఒకే అంతస్తు పాత ఇల్లు, తీరం వైపు ఇల్లు చివర వస్తాయి. రెండంతస్తుల ఇల్లా, ఒకే అంతస్తా అన్న ప్రశ్నకి ఈ ఊళ్లో మెట్లెక్కడం కష్టమన్నదొక్కటే లెక్క కాకూడదు. పైన ఒక్క గది ఉన్నా అది పనికొస్తుంది.

వెళ్లిపోవడమా, ఉండిపోవడమా

ఇది ఏరియాని బట్టి మారే నిర్ణయం. అందరికీ ఒకటే జవాబు చెప్పినప్పుడు ఏమైందో హ్యూస్టన్ చూసింది. 2005 సెప్టెంబర్‌లో, కత్రినా జరిగిన నాలుగు వారాల లోపే రీటా వస్తోందని భయపడి పాతిక లక్షలకు పైగా జనం ఒక్కసారిగా రోడ్డెక్కారు. ఉప్పెన జోన్‌లో లేనివాళ్లు కూడా బయల్దేరారు. ఫ్రీవేల మీద కార్లు గంటల తరబడి కదల్లేదు. పెట్రోల్ అయిపోయింది, ఎండ మండిపోయింది. వృద్ధాశ్రమం నుంచి పెద్దవాళ్లని తీసుకెళ్తున్న బస్సు డల్లాస్ దగ్గర మంటల్లో చిక్కుకుని 23 మంది చనిపోయారు. టెక్సాస్‌లో ఆ తుఫాను మరణాల్లో ఎక్కువ భాగం తుఫానువి కావు, ఆ ప్రయాణానివి. 2017లో హార్వీకి మేయర్ నగరాన్ని ఖాళీ చేయమనకపోవడానికి ఈ అనుభవం కారణం. అప్పుడు చాలామంది తిట్టారు. అంత పెద్ద వానలో లక్షల కార్లు రోడ్డు మీద ఉంటే ఏమయ్యేదో ఊహించుకుంటే ఆ నిర్ణయం నాకు సబబుగానే కనిపిస్తుంది.

కాబట్టి జిప్ జోన్‌లో ఉన్నవాళ్లు ముందే వెళ్లాలి, వాన మొదలయ్యాక కాదు. లేనివాళ్లు వాళ్లకి దారి వదలాలి. కరకట్ట లోపలివాళ్లు నది అంచనాను చూస్తూ, ఆర్డర్ వస్తే వెళ్లాలి. మిగతావాళ్లకి సరుకులు, మందులు పెట్టుకుని ఇంట్లో పైన ఉండటమే ఎక్కువ క్షేమం.

ఉండిపోయేవాళ్లకి అసలు ప్రమాదం కారుతోనే. అమెరికా హరికేన్లలో 1963 నుంచి 2012 దాకా నేరుగా పోయినవాళ్లలో దాదాపు సగం ఉప్పెన వల్ల పోయారు. 2013 నుంచి 2022 దాకా చూస్తే సగానికి పైగా, 57 శాతం, వాన నీటి వరదలో పోయారు. తీరం నుంచి జనాన్ని ముందే తరలించడం బాగుపడింది, నీళ్లలో కారు నడిపే అలవాటు మాత్రం మారలేదు. ఆరు అంగుళాల పారే నీళ్లు నిలబడ్డ మనిషిని పడేస్తాయి. అడుగు నీళ్లు చిన్న కారును తేలుస్తాయి. రెండడుగులైతే ఎస్‌యూవీ, పికప్ ట్రక్కు కూడా కొట్టుకుపోతాయి. హార్వీలో గ్రీన్స్ బాయూ దగ్గర, వరద నుంచి తప్పించుకుని వెళ్తున్న వ్యాన్ నీళ్లలో పడి ఒకే కుటుంబంలో ఆరుగురు పోయారు. ఇద్దరు పెద్దవాళ్లు, నలుగురు పిల్లలు. వాళ్లు దుడుకుతనంతో వెళ్లినవాళ్లు కాదు, పిల్లల్ని క్షేమంగా ఇంకో ఇంటికి చేర్చాలని బయల్దేరినవాళ్లు.

మనవాళ్లు నీళ్లలో కారు ఎక్కించేది సాధారణంగా ఆఫీసు షిఫ్టుకో, ఎయిర్‌పోర్ట్ పికప్‌కో, స్కూల్లో పిల్లల కోసమో. హ్యూస్టన్‌లో ఫ్రీవే పైన పొడిగా ఉంటుంది, ఎగ్జిట్ దిగి ఫీడర్ రోడ్డు (ఫ్రీవే పక్కనే సాగే రోడ్డు) మీదికో, అండర్‌పాస్‌లోకో వచ్చేసరికి లోతు తెలియదు. రాత్రి అసలు కనిపించదు. ఇంటి నుంచి ఆఫీసుకి దారిలో ఎన్ని అండర్‌పాస్‌లున్నాయో ఇల్లు కొనే ముందు ఒకసారి లెక్కపెట్టండి. ఇంటి రిస్క్‌లో అది సగం.

నీళ్లు ఇంట్లోకే వస్తే కరెంటు మెయిన్ ఆపేయండి, కానీ ఆ ప్యానెల్ దాకా నీళ్లలో నడవాల్సి వస్తే ముట్టుకోవద్దు. హార్వీలో నీళ్లలో కరెంటు తగిలి పోయినవాళ్లూ ఉన్నారు. కిటికీ లేని అటక మీదికి ఎక్కొద్దు. కత్రినాలో అటకల్లో చిక్కుకుని పైకప్పు పగలగొట్టలేక చనిపోయినవాళ్లున్నారు. ఎక్కక తప్పకపోతే గొడ్డలి వెంట ఉండాలి. జనరేటర్ గరాజ్‌లో పెట్టొద్దు, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన తెలియకుండానే చంపుతుంది.

అమ్మానాన్నలు వచ్చి ఉన్నప్పుడు

ఇండియా నుంచి పెద్దవాళ్లు ఎక్కువగా వచ్చేది మే, జూన్‌లలో, ఆర్నెల్లకి. హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. అంటే ఇంట్లో పరిగెత్తలేనివాళ్లు ఉండే నెలలూ, తుఫాను నెలలూ దాదాపు ఒకటే. పగలు మీరిద్దరూ ఆఫీసులో ఉంటే, డ్రైవింగ్ రానివాళ్లు ఇద్దరే ఇంట్లో ఉంటారు.

వాళ్ల ఫోన్ ఇండియా సిమ్‌తో వైఫై మీదే నడుస్తుంటే ప్రభుత్వం పంపే హెచ్చరికలు రాకపోవచ్చు. వచ్చిన వారంలోనే లోకల్ నంబర్ తీసివ్వండి. మందులు రెండు వారాలకు సరిపడా అదనంగా తెచ్చుకోమనండి. ఇన్సులిన్ వాడేవాళ్లుంటే కరెంటు పోతే చల్లగా ఉంచడానికి ఐస్ బాక్స్ కావాలి. 2024 జులై 8న బెరిల్ వచ్చింది కేటగిరీ 1 గానే, కానీ హ్యూస్టన్ చుట్టుపక్కల 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, కొన్ని ఇళ్లకి వారం దాటాక వచ్చింది. ఆ ఎండలో ఏసీ లేక పెద్దవాళ్లు చనిపోయారు. వరద రాని ఇంట్లో కూడా ఈ ప్రమాదం ఉంటుంది. కదలలేనివాళ్లు ఉంటే 211కి ఫోన్ చేసి రాష్ట్ర సహాయ రిజిస్ట్రీలో పేరు రాయించవచ్చు.

ఇంటి అడ్రస్ పెద్ద అక్షరాలతో తెలుగులో, ఇంగ్లిష్‌లో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. 911కి చేసి ఆ అడ్రస్ పైకి చదవడం వాళ్లతో రెండుసార్లు ప్రాక్టీస్ చేయించండి. వాన పడుతుంటే కింద గదిలో పడుకోబెట్టొద్దు. మోకాళ్ల నొప్పులతో రాత్రిపూట మెట్లెక్కడం కష్టం కాబట్టి, వెలుగుండగానే మంచినీళ్లు, మందులు, ఫోన్ చార్జర్‌తో సహా వాళ్లని పై గదికి మార్చేయండి. మీరు ఆఫీసులో చిక్కుకుపోతే అక్కడే ఉండండి. "నువ్వు నీళ్లలో కారేసుకుని రావద్దు, మేం పైనే ఉంటాం" అని మీ అమ్మగారు ఫోన్‌లో మీకు చెప్పగలిగేలా ఆ మాట ముందే మాట్లాడుకుని ఉండండి.